శాంతి ఉద్యమం, హక్కులు, న్యాయం: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళం కొందరం ఆదివారాలు కలుసుకుని ఈ విషయాలు చదువుకుంటాం, మాట్లాడుకుంటాం. మారతహళ్ళి పీజీల్లో ఉండే కుర్రవాళ్ళు వస్తారు, రెండు మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలవాళ్ళు వస్తారు, రిటైరైన ఫ్యాక్టరీ ఉద్యోగులు వస్తారు. మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాం. జవాబుల్లో మా అభిప్రాయాలు ఉన్నాయి, దాచుకోలేదు. ఒప్పుకోకపోతే వచ్చి వాదించండి.

శాంతి ఉద్యమం అంటే కొవ్వొత్తులు పట్టుకుని నిలబడటమేనా?

కొవ్వొత్తులూ ఉంటాయి. అసలు పని మాత్రం ఎక్కువగా కాగితాల మీద, కోర్టుల్లో, యూనియన్ ఆఫీసుల్లో, జైలు గేట్ల దగ్గర జరుగుతుంది.

మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగానే, 1915 ఏప్రిల్‌లో, 12 దేశాల నుంచి వెయ్యిమందికి పైగా ఆడవాళ్ళు నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో సమావేశమయ్యారు. వాళ్ళలో చాలామందికి సొంత దేశంలో ఓటు హక్కే లేదు. యుద్ధం ఆపి మాటలకు కూర్చోండి అని తీర్మానం చేశారు, ఆడవాళ్ళకు ఓటు కావాలనీ తీర్మానం చేశారు. శాంతినీ హక్కులనీ విడదీసి చూడలేమన్న సంగతి వాళ్ళకు అప్పుడే తెలుసు. 1921లో యుద్ధంలో పాల్గొనబోమని ప్రమాణం చేసినవాళ్ళు వార్ రెసిస్టర్స్ ఇంటర్నేషనల్ పెట్టుకున్నారు. విరిగిన తుపాకీ వాళ్ళ గుర్తు. ఆ సంస్థ మహాసభ 1960 డిసెంబరులో మన పక్కనే, తమిళనాడులోని గాంధీగ్రామ్‌లో జరిగింది.

తర్వాత అణుబాంబు వచ్చింది. 1955లో అణ్వాయుధాల ముప్పు గురించి రసెల్, ఐన్‌స్టీన్‌ల ప్రకటన, 1957లో శాస్త్రవేత్తల పగ్వాష్ సమావేశాలు ఆ దారిలో వచ్చాయి. 1992లో మొదలైన మందుపాతరల వ్యతిరేక ప్రచారం ఐదేళ్ళకే, 1997లో, ఒప్పందంగా మారింది. 2007లో మొదలైన అణ్వాయుధాల రద్దు ప్రచారానికి పదేళ్ళు పట్టింది. 2017 జులైలో 122 దేశాలు నిషేధ ఒప్పందానికి ఓటు వేశాయి, 2021 జనవరి 22 నుంచి అది అమల్లో ఉంది. ఈ రెండు ఒప్పందాల్లోనూ భారతదేశం చేరలేదు.

దీనికీ మానవ హక్కులకూ సంబంధం ఏమిటి? యుద్ధాలు ప్రభుత్వాల గొడవ, హక్కులు పౌరుల గొడవ కదా?

ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్టు అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల సంగతే చూడండి.

సొంత తీరంలో జెట్టీలు సరిగా లేక, వేట గిట్టుబాటు కాక, వాళ్ళు ఏటా గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్ళి అక్కడి బోట్ల మీద కూలికి పనిచేస్తారు. 2018 నవంబరు చివర అలా వెళ్ళినవాళ్ళను సరిహద్దు దాటారని పాకిస్థాన్ పట్టుకుంది. కరాచీలో జైల్లో పెట్టింది. 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. మిగిలినవాళ్ళు ఆ తర్వాత వచ్చారు. సముద్రంలో గీత కనిపించదు. బోటు ఓనరుది, చేపలు ఓనరువి, జైలు మాత్రం కూలివాడిది. అటువైపు మత్స్యకారులు కూడా ఇలాగే మన జైళ్ళలో మగ్గుతుంటారు.

ఇందులో యుద్ధం ఎంత, హక్కులు ఎంత, సామాజిక న్యాయం ఎంత? విడదీసి చూడండి, విడదీయలేరు. ఊళ్ళో బతుకుతెరువు ఉంటే వలస ఉండేది కాదు. రెండు దేశాల మధ్య మాటలుంటే పట్టుకున్నవాళ్ళను వారంలో పంపించేసేవాళ్ళు. ఒక దేశపు తీరానికి అవతల, చేపల మీద ఆ దేశానికే హక్కుండే సముద్రభాగంలో (ప్రత్యేక ఆర్థిక మండలంలో) చేపలు పట్టినందుకు, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలుశిక్ష వేయకూడదని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ అధికరణం చెబుతోంది. రెండు దేశాలూ దానిమీద సంతకం పెట్టినవే. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశపు ఖైదీల జాబితాలను రెండు ప్రభుత్వాలూ ఇచ్చిపుచ్చుకుంటాయి. సంబంధాలు ఎంత చెడినా ఈ ఒక్క పనీ ఆగలేదు. ఆ జాబితాలు తీసుకుని పేరు పేరునా వెంటపడేది శాంతి కార్యకర్తలే. రెండు దేశాల విశ్రాంత న్యాయమూర్తులతో ఖైదీల కోసం వేసిన కమిటీ 2013 తర్వాత కూర్చోలేదు. దాన్ని మళ్ళీ కూర్చోబెట్టండి అన్నది వాళ్ళ పాత డిమాండు.

సిద్ధాంతం కావాలంటే నార్వేకు చెందిన యోహాన్ గాల్టుంగ్ 1969లో రాసిన వ్యాసం ఉంది. తుపాకీ పేలకపోయినా, నివారించగల ఆకలితోనో జబ్బుతోనో మనుషులు చనిపోతుంటే అదీ హింసే, అది వ్యవస్థలో ఉన్న హింస అని ఆయన వాదన. వేరావల్ వెళ్ళొచ్చినవాళ్ళకు ఆ వ్యాసం చదవాల్సిన అవసరం లేదు.

పాకిస్థాన్‌తో శాంతి కోరడం దేశద్రోహం కాదా?

కాదు. రాజ్యాంగం 51వ అధికరణమే అంతర్జాతీయ శాంతి భద్రతలను పెంపొందించమని ప్రభుత్వానికి చెబుతోంది.

మనుషుల్ని చూసి నమ్ముతామంటే అడ్మిరల్ రాందాస్‌ను చూడండి. 1990 నుంచి 1993 దాకా భారత నౌకాదళాధిపతి. 1971 యుద్ధంలో పాల్గొన్న మనిషి. రిటైరయ్యాక భారత్ పాకిస్థాన్ ప్రజావేదికలో, అణ్వాయుధ వ్యతిరేక కూటమిలో ముందు నిలబడ్డారు. 2004లో పాకిస్థాన్ హక్కుల కార్యకర్త ఐ.ఎ. రెహ్మాన్‌తో కలిపి ఆయనకు మెగసెసే అవార్డు ఇచ్చారు. ఆ ప్రజావేదిక 1994లో పుట్టింది. కార్గిల్ యుద్ధం ముగిసి ఏడాదైనా కాకముందే, 2000 ఏప్రిల్‌లో, దాని మహాసభ ఇదే బెంగళూరులో జరిగింది. అటునుంచి పాకిస్థానీయులు వచ్చి ఇక్కడ కూర్చుని తమ ప్రభుత్వాన్ని తామే విమర్శించారు. ఇప్పుడు అలాంటి సభకు వీసాలు దొరకడమే గగనం.

శాంతి కోరేవాళ్ళు సైన్యమే అక్కర్లేదంటారా?

కొందరు అంటారు. చాలామంది అనరు. ఉద్యమంలో గాంధేయులు, కమ్యూనిస్టులు, యుద్ధం వద్దనే క్రైస్తవ శాఖ క్వేకర్లు, మాజీ సైనికులు, డాక్టర్లు అందరూ ఉన్నారు. అణ్వాయుధాలు వద్దనే విషయంలో కలుస్తారు, మిగతా వాటిలో తెల్లవార్లూ కొట్లాడుకుంటారు. మన దేశంలో నిర్బంధ సైనికసేవ లేదు కాబట్టి తుపాకీ పట్టనని చెప్పినందుకు జైలుకు వెళ్ళే పరిస్థితి మనకు రాలేదు. అది ఉన్న దేశాల్లో మనస్సాక్షి పేరుతో నిరాకరించడం హక్కు అవునా కాదా అన్నది పెద్ద ప్రశ్న. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 18వ అధికరణం నుంచి ఆ హక్కు వస్తుందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1993లో చెప్పింది.

నేను విమానాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. మీ సభలకు రావచ్చా? వస్తే నన్ను తిడతారా?

రండి. ఎవరూ తిట్టరు. ఇది ఈ నగరానికే వచ్చే ప్రశ్న. విమానాలు చేసే హెచ్‌ఏఎల్ 1940లో, సైన్యానికి ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే బీఈఎల్ 1954లో ఇక్కడ మొదలయ్యాయి. 1996 నుంచి రెండేళ్ళకోసారి యలహంకలో ఏరో ఇండియా అనే విమానాల ప్రదర్శన జరుగుతోంది. ఈ ఫ్యాక్టరీల జీతాల మీద బతికిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు, సైటు కొనుక్కుని కట్టుకున్న ఇల్లు, అన్నీ అందులోంచే వచ్చాయి. ఆ అన్నం తిన్నవాళ్ళను నిలదీయడం చాలా తేలిక, దానివల్ల ప్రయోజనం శూన్యం.

లోపలే ఉండి ఆలోచించినవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. జోసెఫ్ రాట్‌బ్లాట్ అనే భౌతికశాస్త్రవేత్త అమెరికా అణుబాంబు ప్రాజెక్టులో పనిచేశారు. జర్మనీ దగ్గర బాంబు తయారు కావడం లేదని తెలిశాక 1944 చివర్లో ఆ పని వదిలేసి వెళ్ళిపోయారు. పగ్వాష్ సమావేశాలు నడిపించింది ఆయనే. 1995లో ఆ సంస్థకూ ఆయనకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

నాకు ఇంతకన్నా బాగా నచ్చేది బ్రిటన్‌లోని లూకస్ ఏరోస్పేస్ కార్మికుల కథ. ఉద్యోగాలు తీసేస్తామని కంపెనీ అన్నప్పుడు 1976లో వాళ్ళ యూనియన్ ప్రతినిధులు ఒక ప్రణాళిక తయారుచేశారు. మా మెషీన్లతో, మా నైపుణ్యంతో ఆయుధాలే ఎందుకు, కిడ్నీ రోగులకు డయాలిసిస్ యంత్రాలు చేయవచ్చు, హీట్ పంపులు చేయవచ్చు, రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే బండి చేయవచ్చు అని చూపించారు. కంపెనీ ఒప్పుకోలేదు. కానీ ఆయుధాల ఫ్యాక్టరీ మూస్తే మా పొట్టలు ఎలా అన్న ప్రశ్నకు కార్మికులే జవాబు రాసిన సందర్భం అది. మన హెచ్‌ఏఎల్ యూనియన్లు, ఇస్రో దగ్గరున్న నైపుణ్యం చూసినప్పుడు ఆ ప్రణాళికను కన్నడంలోకి, తెలుగులోకి తెచ్చి పంచాలనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. ప్రభుత్వ, ప్రభుత్వరంగ ఉద్యోగులకు ప్రవర్తనా నియమాలు ఉంటాయి. చదువుకునే సభకు రావడం వేరు, వేదికెక్కి మాట్లాడటం వేరు, పత్రికకు ప్రకటన ఇవ్వడం వేరు. మీ సంస్థ నియమాలు చూసుకుని అడుగు వేయండి.

శాంతి గురించి మాట్లాడుతూ మధ్యలో కులం ఎందుకు తెస్తారు?

మేం తేవడం కాదు, అది ముందునుంచీ ఇక్కడే ఉంది. తెల్లవారుజామున మీ వీధి ఊడ్చే పౌరకార్మికురాలిని తెలుగులో పలకరించి చూడండి. చాలాసార్లు తెలుగులోనే జవాబు వస్తుంది. ఈ నగరాన్ని ఊడ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళితులు, అందులోనూ ఆడవాళ్ళు. అయినా బెంగళూరు తెలుగువాళ్ళు అనగానే మనకు సాఫ్ట్‌వేర్ వాళ్ళే గుర్తొస్తారు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టర్ల కింద పనిచేసి, 2022 జులైలో సమ్మె చేసి, పర్మినెంట్ కోసం కొట్లాడి, 2025 మే డే నాడు వేలమంది ఉత్తర్వులు అందుకున్నారు. అందనివాళ్ళ కొట్లాట ఇంకా ఉంది.

ఇక్కడినుంచి వంద కిలోమీటర్ల దూరంలో కోలార్ బంగారు గనులు. 1966లో అక్కడ ఒక తెలుగు కుటుంబంలో బెజవాడ విల్సన్ పుట్టారు. ఇంట్లోవాళ్ళు గనుల టౌన్‌షిప్పులో మరుగుదొడ్లు ఎత్తిపోసే పనిలో ఉండేవాళ్ళు. ఆయన అక్కడే మొదలుపెట్టిన పోరాటం సఫాయి కర్మచారి ఆందోళన్‌గా దేశమంతా పాకింది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2014 మార్చిలో తీర్పు తెచ్చుకుంది. మురుగుకాల్వలో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో మరో కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. విల్సన్‌కు 2016లో మెగసెసే వచ్చింది.

ఇందులో శాంతి ఎక్కడుంది అంటారా? విల్సన్ పక్కన నిలబడి ఆ సంస్థను నిలబెట్టిన పెద్దమనిషి ఎస్.ఆర్. శంకరన్. ఐ.ఎ.ఎస్. అధికారిగా వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని కాగితం మీంచి ఊళ్ళలోకి దింపిన మనిషి. రిటైరయ్యాక పౌర స్పందన వేదిక పెట్టి, ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య నిలబడి, ఏళ్ళ తరబడి ఇద్దరికీ ఉత్తరాలు రాసి, ఇద్దరి చేతా మాటలు పడ్డారు. 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాదులో జరిగిన శాంతి చర్చల వెనక ఆ ఓపిక ఉంది. చర్చల్లో ముఖ్యాంశం భూమి. చర్చలు 2005 జనవరికి తెగిపోయాయి, మళ్ళీ ఎన్‌కౌంటర్లు మొదలయ్యాయి. అయినా ఆ చర్చల నీడలోనే 2004 డిసెంబరులో కోనేరు రంగారావు భూమి కమిటీ వచ్చింది. పేదల భూములు ఎవరి చేతుల్లోకి ఎలా పోయాయో ఆ కమిటీ నివేదికలో ఉంది. మరుగుదొడ్లు ఎత్తేవాళ్ళ కోసం తిరిగిన మనిషే తుపాకులు ఆపమని తిరిగాడు. శంకరన్‌గారికి అవి రెండు వేర్వేరు పనులు కావు. ఆయన 2010 అక్టోబరులో పోయారు. మా అభిప్రాయంలో మన భాషవాళ్ళు చూసిన శాంతి కార్యకర్తల్లో ఆయనంత పెద్దవారు ఎవరూ లేరు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు కూడా.

మన ఇంటి గొడవలను ఐక్యరాజ్యసమితి దాకా తీసుకెళ్ళడం దేశం పరువు తీయడం కాదా?

ఈ మాట 2001లో బాగా వినిపించింది. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగినప్పుడు దళిత సంఘాలు పెద్ద సంఖ్యలో వెళ్ళాయి. 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు దళితుల హత్యాకాండలు చూసిన ఆంధ్ర దళిత ఉద్యమం నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కులం జాతి కాదు, ఇది మా అంతర్గత విషయం అని భారత ప్రభుత్వం వాదించింది. మరుసటి ఏడాది, 2002లో, ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ పుట్టుక ఆధారంగా చూపే వివక్షలో కులం కూడా వస్తుందని తేల్చింది.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తుచేయాలి. 1946లో దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద చూపుతున్న వివక్షను ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది ఎవరు? భారతదేశమే. అది మా అంతర్గత విషయం అని దక్షిణాఫ్రికా అప్పుడు అచ్చంగా ఇదే మాట అంది. మనం ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే సరైనది.

మీరు ప్రభుత్వ హింసనే అడుగుతారు. అవతలివాళ్ళ హింస గురించి నోరెత్తరేం?

న్యాయమైన ప్రశ్న. తెలుగు పౌరహక్కుల ఉద్యమం నిట్టనిలువునా చీలిందే దీనిమీద. ప్రజల పేరుతో జరిగే హింసనూ విమర్శించాలి, ఆ హింసకు బలైనవాడికీ హక్కులుంటాయి అని కె. బాలగోపాల్ పట్టుబట్టారు. ఆ చర్చ పెరిగి పెరిగి 1998లో మానవ హక్కుల వేదిక విడిగా ఏర్పడింది. అంతర్జాతీయ చట్టం కూడా ఒక్క ప్రభుత్వాలకే కాదు. దేశంలోపల జరిగే సాయుధ ఘర్షణల్లో ఆయుధం దించినవాణ్ణి, గాయపడ్డవాణ్ణి, పౌరుణ్ణి హింసించకూడదని 1949 జెనీవా ఒప్పందాల ఉమ్మడి 3వ అధికరణం రెండు పక్షాలకూ చెబుతుంది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపడాన్ని ఏ మినహాయింపూ లేకుండా ఖండించనివాడు శాంతి కార్యకర్త కాదు. ఆ పేరు చెప్పి ఈ నగరంలో ఒక కశ్మీరీ విద్యార్థిని గది ఖాళీ చేయమనడాన్ని ఖండించనివాడూ కాదు.

అయితే ప్రభుత్వాన్ని ఎక్కువ అడగడానికి ఒక కారణం ఉంది. అది మన పేరుతో, మన పన్నులతో పనిచేస్తుంది. మనం అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత దానికి ఉంది.

గాజా గురించో ఉక్రెయిన్ గురించో సూడాన్ గురించో బెంగళూరులో మాట్లాడితే ఏం ఒరుగుతుంది?

ఒక్కోసారి ఏమీ ఒరగదు. 2003 ఫిబ్రవరి 15న ప్రపంచమంతటా కొన్ని వందల నగరాల్లో లక్షలాదిమంది ఇరాక్ యుద్ధం వద్దని వీధుల్లోకి వచ్చారు. మార్చి 20న యుద్ధం మొదలైంది.

ఒక్కోసారి పాలపళ్ళు కూడా పనిచేస్తాయి. 1950ల చివర నుంచి అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో డాక్టర్లు, శాస్త్రవేత్తలు, తల్లులు కలిసి పిల్లల ఊడిన పాలపళ్ళు లక్షల్లో సేకరించారు. గాలిలో జరుపుతున్న అణుపరీక్షల వల్ల స్ట్రాన్షియం 90 అనే రేడియోధార్మిక పదార్థం గడ్డిలోకి, పాలలోకి, అక్కడినుంచి పిల్లల ఎముకల్లోకి చేరుతోందా అన్నది పరీక్షించారు. చేరుతోందని తేలింది. 1961 నవంబరు 1న అమెరికాలో వేలాది ఆడవాళ్ళు ఇళ్ళలోంచి, ఆఫీసుల్లోంచి బయటికొచ్చి పరీక్షలు ఆపమన్నారు. 1963 ఆగస్టు 5న గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలను నిషేధిస్తూ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. మూడు రోజులకే భారత్ సంతకం పెట్టింది. పరీక్షలు ఆపమని నెహ్రూ 1954 ఏప్రిల్‌లోనే పార్లమెంటులో అడిగి ఉన్నారు. ఒప్పందానికి కారణం పళ్ళొక్కటే అనను. క్యూబా సంక్షోభం భయపెట్టింది, పెద్ద దేశాల లెక్కలు వాటికున్నాయి. కానీ అణుపరీక్ష అంటే ఎక్కడో ఎడారిలో జరిగేది కాదు, మన బిడ్డ నోట్లో ఉన్నది అని జనానికి అర్థం చేయించింది ఆ పళ్ళే.

ఆడవాళ్ళు మౌనంగా నల్లబట్టల్లో నిలబడే ప్రదర్శన ఏమిటి?

1988 జనవరిలో జెరూసలేంలో మొదలైంది. తమ ప్రభుత్వం పాలస్తీనా భూభాగాలను ఆక్రమించుకోవడం ఆపాలని ఇజ్రాయెలీ ఆడవాళ్ళు నల్లబట్టలు వేసుకుని వారానికోసారి నాలుగు రోడ్ల కూడలిలో నిలబడేవాళ్ళు. తర్వాత 1991లో బెల్‌గ్రేడ్ ఆడవాళ్ళు తమ దేశం చేస్తున్న యుద్ధానికి వ్యతిరేకంగా అలాగే నిలబడ్డారు. బెంగళూరులో విమోచన సంఘం ఆడవాళ్ళు 1990ల నుంచి దీన్ని ఇక్కడికి తెచ్చారు. వాళ్ళు చేసిన మార్పు గమనించదగ్గది. యుద్ధాలతో పాటు వరకట్నం చావులకూ, మతకలహాలకూ వ్యతిరేకంగా అదే నల్లచీరల్లో నిలబడ్డారు. ఇంట్లో కాలిపోయిన కోడలు, బాంబు పడి కాలిపోయిన పిల్ల ఇద్దరినీ ఒకే మౌనంలో తలుచుకున్నారు.

1948 మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో పురుషులందరూ అని ఉండబోయిన చోట మనుషులందరూ అని మార్పించింది భారత ప్రతినిధి హంసా మెహతా. 2000 అక్టోబరు 31న భద్రతామండలి 1325వ తీర్మానంతో శాంతి చర్చల్లో ఆడవాళ్ళకు చోటుండాలని ఒప్పుకుంది. చర్చల బల్లల ఫొటోలు చూస్తే ఇప్పటికీ కోట్లు, టైలే ఎక్కువ.

బెంగళూరులో ప్రదర్శన చేయాలంటే ఎక్కడ చేయాలి? పర్మిషన్ కావాలా?

కావాలి. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది, సహేతుకమైన ఆంక్షలనూ అదే ఒప్పుకుంది. బెంగళూరులో ఆ ఆంక్ష పేరు ఫ్రీడమ్ పార్క్. 2021లో ప్రభుత్వం తెచ్చిన ఉత్తర్వు ప్రదర్శనలను అక్కడికే పరిమితం చేసింది. ట్రాఫిక్ ఇబ్బందుల విషయం చేపట్టిన హైకోర్టు 2022లో దాన్ని కచ్చితంగా అమలు చేయమంది. అంతకుముందు టౌన్‌హాల్ మెట్లు ఈ నగరపు నిరసన స్థలం. ఇప్పుడు అక్కడ నిలబడితే కేసు పెట్టవచ్చు, పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ముందుగా పోలీసులకు దరఖాస్తు పెట్టి, నిర్వాహకుల పేర్లు, ఎంతమంది వస్తారు, ఎంతసేపు అన్నవి రాసిచ్చి, రసీదు దగ్గర పెట్టుకోండి. సభలు కూడదని నిషేధాజ్ఞలు పెట్టే పాత 144 సెక్షన్ 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 163 అయింది. పని అదే.

ఎవరికీ వినపడని మూలలో నిరసన తెలపండి అనడం మాకు సమ్మతం కాదు. కానీ ఆ స్థలానికి ఉన్న చరిత్రను ఎవరూ తీసేయలేరు. ఫ్రీడమ్ పార్క్ ఒకప్పటి సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, ఆద్వానీలను పెట్టింది అక్కడే. ఆ సంగతి బోర్డుల మీద ఉంటుంది. మనం మరిచిపోయింది స్నేహలతా రెడ్డిని. నటి, లోహియా సోషలిస్టు, నెల్లూరువాడైన కవి, దర్శకుడు పట్టాభిరామిరెడ్డి భార్య. 1976 మేలో ఆమెను అరెస్టు చేసి ఆ జైల్లోనే ఎనిమిది నెలలు ఉంచారు. నేరం రుజువు కాలేదు. ఉబ్బసం ముదిరినా సరైన వైద్యం అందలేదు. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు, 20న చనిపోయారు. ఖైదీకి బయటివాళ్ళకు అందే ప్రమాణంలోనే వైద్యం అందాలని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు చెబుతున్నాయి. ఆ నియమాలను తెలుగులో కరపత్రంగా వేసి ఆ పార్కులోనే పంచవచ్చు. దానికి పెద్ద సభ అక్కర్లేదు.

అమెరికా వీసా వస్తుందా? ఉద్యోగానికి ఏమైనా అవుతుందా?

నిజం చెప్పాలంటే ఈ ప్రశ్నే అందరికన్నా ముందు వస్తుంది, కాస్త సిగ్గుపడుతూ అడుగుతారు. సిగ్గెందుకు? ఇంట్లో అప్పు చేసి చదివించారు.

2025 జూన్ నుంచి అమెరికా ఎఫ్, ఎం, జె వీసాలకు దరఖాస్తు చేసేవాళ్ళ సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌లో పెట్టమంటోంది. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్ 1బి, హెచ్ 4 వాళ్ళకూ అదే నియమం. పెట్టిన పోస్టులు చూస్తారు. ఏ పోస్టుకు వీసా ఆపుతారో ముందే చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. ఎవరికి వాళ్ళు ఆలోచించుకుని నిర్ణయించుకోవాలి. సంతకం పెట్టనివాణ్ణి పిరికివాడనే అలవాటు మా దగ్గర లేదు. అనువదించేవాళ్ళు, లెక్కలు చూసేవాళ్ళు, టీ కాచేవాళ్ళు కూడా ఉద్యమానికి కావాలి. వాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు.

ప్రైవేటు కంపెనీలో అయితే ఆఫీసు ఐడీ కార్డు మెడలో వేసుకుని ప్రదర్శనకు రాకండి, ఆఫీసు ఈమెయిల్ వాడకండి. మీ అభిప్రాయం మీదే, కంపెనీది కాదు అన్నది స్పష్టంగా ఉండాలి.

డల్లాస్‌లో ఉన్న మా బావ డబ్బు పంపుతానంటున్నాడు. తీసుకోవచ్చా?

మీ బావ దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉందా? ఉంటే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే మాత్రం ఆయన డబ్బు విదేశీ విరాళమే, చుట్టరికం దాన్ని మార్చదు. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి మార్చకూడదు. బెంగళూరు కేంద్రంగా పనిచేసిన అమ్నెస్టీ ఇండియా 2020 సెప్టెంబరులో బ్యాంకు ఖాతాలు స్తంభించడంతో పని ఆపేసింది. చట్టాన్ని తప్పించుకుని విదేశీ డబ్బు తెచ్చారని ప్రభుత్వం, ప్రశ్నించినందుకు కక్ష అని సంస్థ. ఎవరి వాదన ఏదైనా చిన్న బృందాలు నేర్చుకోవాల్సింది ఒకటే. విదేశీ డబ్బు ముట్టుకోకుండా నడపగలిగినంత పనే పెట్టుకోండి. మేం తలా ఇంత వేసుకుని హాలు అద్దె, జెరాక్సు ఖర్చు గడుపుతున్నాం.

వాట్సాప్‌లో వచ్చే యుద్ధ వీడియోలను ఏం చేయాలి?

పంపకండి. 2025 మేలో భారత్, పాకిస్థాన్ మధ్య నాలుగు రోజుల పోరాటం జరిగినప్పుడు వీడియో గేముల దృశ్యాలు, వేరే దేశాల పాత యుద్ధాల క్లిప్పులు ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగాయి, టీవీల్లోనూ వచ్చాయి. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ అన్నవి తెలియనిది మన దగ్గరే ఆగిపోవాలి. బాబాయికి గ్రూపులో అందరి ముందూ తప్పని చెప్పకుండా విడిగా ఫోన్ చేసి చెప్పండి. అప్పుడు వింటారు.

కన్నడం సరిగా రాదు. ఇబ్బందా?

కొంచెం ఇబ్బందే. ఇక్కడి ఉద్యమాలు కన్నడంలో నడుస్తాయి, నడవాలి కూడా. నేర్చుకోండి, లిపి దగ్గరిదే కాబట్టి తొందరగా వస్తుంది. పౌరకార్మికుల యూనియన్ మీటింగుల్లో మాత్రం తెలుగు వచ్చినవాళ్ళకు గిరాకీ ఉంటుంది. పీఎఫ్ కాగితాలు, కోర్టు నోటీసులు చదివిపెట్టేవాళ్ళు కావాలి.

సరే, ఎక్కడ మొదలుపెట్టను?

క్యాలెండర్‌లో కొన్ని తేదీలు రాసుకోండి. మార్చి 10న టిబెటన్లు తమ 1959 తిరుగుబాటును తలుచుకుంటారు. మైసూరు జిల్లాలోని బైలకుప్పెలో 1960ల మొదట్లో భూమి ఇచ్చి వాళ్ళను ఆదుకున్నది ఈ రాష్ట్రమే కాబట్టి బెంగళూరులోనూ ఆ రోజు ఊరేగింపులుంటాయి. ఆగస్టు 6 హిరోషిమా రోజు. సెప్టెంబరు 21 అంతర్జాతీయ శాంతి దినం, డిసెంబరు 10 మానవ హక్కుల దినం. ఈ నాలుగింటిలో ఒకదానికి వెళ్ళి వెనక వరుసలో కూర్చుని వినండి. నచ్చకపోతే లేచి వచ్చేయండి, ఎవరూ ఏమనుకోరు.

శ్రీకాకుళం, విజయనగరంవైపు చుట్టాలుంటే ఇంకో పని ఉంది. జనవరి, జులై జాబితాలు వచ్చినప్పుడు మీ వైపు పేర్లు ఏమైనా ఉన్నాయేమో చూసి, ఆ కుటుంబాలకు కాన్సులర్ కాగితాలు రాసిపెట్టడంలో సాయం చేయవచ్చు. ఇంగ్లీషులో ఒక ఉత్తరం, ఆధార్ కాపీ, బోటు వివరాలు, ఊరి పంచాయతీ ధ్రువీకరణ లాంటివి అడుగుతారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అది ఒక పూట పని.

సభకు వస్తే ఏం తెచ్చుకోవాలి?

నీళ్ళ సీసా, ఒక ఐడీ కార్డు, ఛార్జింగ్ ఉన్న ఫోను. ఇంట్లో ఒకరికి ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి రండి. ఫ్రీడమ్ పార్క్‌కైతే పర్పుల్ లైన్ మెట్రోలో సెంట్రల్ కాలేజీ దగ్గరున్న విశ్వేశ్వరయ్య స్టేషన్‌లో దిగి నడవండి, బండికి పార్కింగ్ దొరకదు.